శాండో బనియన్ వెనక ఉన్న అసలు శాండో

బట్టల కొట్టుకి వెళ్ళి చేతుల్లేని బనియన్ కావాలంటే కొట్టాయన "శాండోనా?" అని అడుగుతాడు కదా. చాలా ఏళ్ళు నేను అదేదో కంపెనీ పేరనుకున్నా. కాదంట, అది ఒక మనిషి పేరు, ఆ పేరు బనియన్‌కి ఆయన నుంచే వచ్చిందని చెప్తారు. ఫిలిప్పీన్స్‌లో కూడా దీన్ని శాండో అనే అంటారు. మన పక్కనే ఉన్న తమిళ నిర్మాత చిన్నప్ప దేవర్ పేరు ముందు కూడా శాండో ఉంటుంది, ఆయన బాగా కసరత్తు చేసిన మనిషి కాబట్టి. అంటే కండలున్నోడికి బిరుదుగా, కండలు కనపడే బనియన్‌కి పేరుగా, రెండు రకాలుగానూ ఆ పేరు మన దాకా వచ్చేసింది.

అసలు మనిషి యూజిన్ శాండో. 1867లో ప్రష్యా అనే జర్మన్ రాజ్యంలోని కోనిగ్స్‌బర్గ్‌లో పుట్టాడు, ఆ ఊరు ఇప్పుడు రష్యాలో ఉంది, పేరు కలినిన్‌గ్రాడ్. సొంత పేరు ఫ్రెడరిక్ విల్హెల్మ్ ముల్లర్. కుర్రతనంలో సర్కస్‌ల వెంట తిరిగి బ్రస్సెల్స్‌లో అటిలా అనే వస్తాదు దగ్గర చేరి పని నేర్చుకున్నాడు.

పేరొచ్చింది మాత్రం 1889లో, లండన్‌లో. అప్పుడక్కడ శాంసన్ అనే బలశాలి, సైక్లాప్స్ అనే శిష్యుడితో కలిసి ప్రదర్శనలిస్తూ, శిష్యుడిని ఓడిస్తే వంద పౌన్లు, నన్ను ఓడిస్తే అయిదొందలు అని రోజూ సవాలు విసిరేవాడు. ఒక రాత్రి జనంలోంచి శాండో లేచాడు. ఒంటి మీద విందుకెళ్ళే సూటు, ఒక కంటికి మాత్రం కళ్ళద్దం. ఎవడ్రా ఈ దొరబాబు అని జనం నవ్వారంట, నవ్వరా మరి, చూడ్డానికి బ్యాంకు గుమాస్తాలా ఉన్నాడు. స్టేజీ మీదకెళ్ళి ఆ సూటు లాగి పడేశాక లోపలున్న ఒళ్ళు చూసి హాలంతా సైలెంట్ అయిపోయింది. ఆ రోజు శిష్యుడిని ఓడించాడు, కొద్ది రోజుల తర్వాత గురువునీ ఓడించాడు.

ఇక్కడ నాకు ఇంట్రెస్టింగ్‌గా అనిపించేది ఆయన ఎత్తిన బరువు కాదు, ఆ సూటు విప్పడం. అప్పటిదాకా బలశాలి అంటే ఎంత ఎత్తాడు, ఏం విరిచాడు అనే చూసేవాళ్ళు, పొట్ట ఉన్నా ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. మన దగ్గరా అంతే కదా, మన సినిమా ఘటోత్కచుడు ఎస్వీ రంగారావు గారు, ఆయనకి సిక్స్‌ప్యాక్ ఏది అని ఎవరైనా అడిగారా? శాండోతో ఆ చూపు మారింది. 1893లో షికాగో ఎగ్జిబిషన్ టైంలో ఫ్లోరెంజ్ జీగ్‌ఫెల్డ్ అనే కుర్ర మేనేజరు, ఈయన బరువులెత్తేదాని కన్నా ఊరికే నిలబడి కండలు చూపిస్తుంటేనే జనం కళ్ళార్పకుండా చూస్తున్నారని పసిగట్టాడు. ఇంకేముంది, షోలో పోజులు పెరిగాయి, షో అయ్యాక ఊళ్ళో గొప్పింటి ఆడవాళ్ళు తెర వెనక్కొచ్చి ఆ కండలు ముట్టుకుని చూడొచ్చు అన్నారు, అది పేపర్ల కెక్కింది. జీగ్‌ఫెల్డ్‌కి అత్యాశ కూడా ఎక్కువే లెండి, 1894లో శాన్ ఫ్రాన్సిస్కోలో సింహంతో కుస్తీ అని టికెట్లు అమ్మాడు, తీరా చూస్తే సింహం మూతికి చిక్కం, పంజాలకి తొడుగులు, పాపం అది పోట్లాడనే లేదు, జనం తిట్టుకుంటూ ఇళ్ళకి పోయారు.

ఫొటోల సంగతి ఇంకోటి. ఒంటికి తెల్ల పౌడరు పూసుకుని గ్రీకు పాలరాతి విగ్రహంలా నిలబడి, అడ్డంగా ఒక ఆకు మాత్రం పెట్టుకుని దిగిన ఫొటోలు అట్టల మీద ప్రింటై వేలల్లో అమ్ముడుపోయాయి. 1894 మార్చిలో ఎడిసన్ స్టూడియోలో ఆయన మీద ఒక చిన్న సినిమా తీశారు, నిమిషం కూడా ఉండదు. కథ లేదు, మాటా లేదు, ఒకాయన చడ్డీతో నిలబడి చేతులు మడిచి వీపు తిప్పి చూపిస్తాడు, అంతే. ఇప్పుడు జిమ్ అద్దం ముందు కుర్రాళ్ళు తీసే రీల్ ఉంది చూడండి, అచ్చం అదే, నూట ముప్పై ఏళ్ళ కిందట.

ఆ తర్వాతంతా వ్యాపారం. 1897లో పుస్తకం, 1898లో పత్రిక, స్ప్రింగ్ డంబెల్స్, పోస్టులో కసరత్తు పాఠాలు. 1901 సెప్టెంబర్ 14న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో దేహ సౌష్ఠవం పోటీ పెట్టాడు. బరువులెత్తే పోటీ కాదు, ఒళ్ళు చూపించే పోటీ, కండ ఒక్కటే చాలదు, తీరు, చర్మం, ఆరోగ్యం అన్నీ చూస్తామన్నారు. జడ్జీలెవరంటే శాండో, ఒక శిల్పి, ఇంకొకరు షెర్లాక్ హోమ్స్‌ని పుట్టించిన ఆర్థర్ కానన్ డాయిల్! గెలిచిన నాటింగ్‌హామ్ కుర్రాడు ముర్రేకి ఇచ్చింది శాండో బొమ్మనే. మిస్టర్ ఒలింపియా అనే బాడీబిల్డింగ్ పోటీ గెలిచినోళ్ళకి 1977 నుంచి ఇస్తున్నదీ ఆ శాండో బొమ్మే.

1904-05లో ఇండియా వచ్చి కలకత్తా, బొంబాయి లాంటి చోట్ల షోలిచ్చాడు. మనవాళ్ళకి కసరత్తు కొత్తేం కాదు, తాలింఖానాలు, దండీలు, బస్కీలు, కర్రసాము అన్నీ ముందు నుంచీ ఉన్నవే. కొత్తగా వచ్చింది అద్దం ముందు నిలబడి ఒక్కో కండనీ విడిగా చూసుకునే అలవాటు. బెంగళూరులో కె.వి. అయ్యర్ జిమ్ నడిపి ఆ దారిలోనే పేరు తెచ్చుకున్నాడు, కలకత్తా నుంచి మనోహర్ ఐచ్ 1952లో మిస్టర్ యూనివర్స్‌లో గెలిచాడు.

మన వీరఘట్టం కోడి రామమూర్తి నాయుడు గారిది పూర్తిగా వేరే దారి. విజయనగరంలో వ్యాయామం మాస్టారుగా చేసి తర్వాత సర్కస్ పెట్టాడు. ఛాతీకి చుట్టిన ఇనప గొలుసుని ఊపిరి బిగబట్టి తెంపడం, కదిలే కార్లని గొలుసులతో ఆపడం, ఛాతీ మీద పలక పెట్టి ఏనుగుని ఎక్కించుకోవడం, ఇవీ ఆయన ఐటమ్స్. కలియుగ భీముడు అన్నారు, ఇండియన్ హెర్క్యులిస్ అన్నారు. విశాఖ బీచ్‌లో విగ్రహం ఉంది. ఆయన గురించి మా పెద్దవాళ్ళు చెప్పుకునేదంతా ఏం చేశాడు అనే, ఒళ్ళు ఎలా ఉండేది అని ఒక్కరూ చెప్పగా వినలేదు. నాకైతే ఆయన దారే నచ్చుతుంది, కానీ మా వీధి జిమ్‌లో గోడ మీద అతికించిన పోస్టర్లన్నీ శాండో దారివే.

ఇక శాండో చివరి రోజులు. 1911లో బ్రిటన్ రాజు అయిదో జార్జికి వ్యాయామ గురువుగా నియమించారు. అప్పట్లోనే తన పేరుతో బలానికి కోకో పొడి అమ్మాడు, ఇప్పటి ప్రొటీన్ డబ్బాలకి తాత అన్నమాట. మొదటి ప్రపంచ యుద్ధం రాగానే జర్మనీ మూలాలున్నోడు అని అనుమానాలు మొదలయ్యాయి, కోకో కంపెనీ దివాలా తీసింది. 1925 అక్టోబర్‌లో లండన్‌లో పోయాడు, యాభై ఎనిమిదేళ్ళే. గుంటలో పడ్డ కారుని ఒంటిచేత్తో లేపబోయి మెదడులో నరం చిట్లిందని అప్పటి పేపర్లు రాశాయి, అది ఎంత నిజమో అనుమానమే, బలశాలికి తగ్గ చావు కావాలి కదా పేపర్లకి. ఇంట్లోవాళ్ళు పట్నీ వేల్ శ్మశానంలో పూడ్చి పైన పేరు కూడా రాయించలేదు. 2002 దాకా ఆ సమాధికి ఆనవాలే లేదు. 2008లో ఆయన వంశంలో ఒకాయన ఒక పెద్ద రాయి తెచ్చి నిలబెట్టాడు, దాని మీద ఆయన పేరు చెక్కించాడు.