నిట్టూర్పు అంటే నిడుపాటి ఊపిరి

ఎవరైనా నిట్టూర్చగానే పక్కవాళ్లు "ఏమైంది?" అని అడుగుతారు. నిట్టూర్పు అంటే దిగులేనని మనకు అంతగా అలవాటైపోయింది. కానీ ఆ మాటను విప్పి చూస్తే లోపల ఎక్కడా దిగులు కనిపించదు.

నిడు అంటే పొడవైన, ఊర్పు అంటే ఊపిరి. నడు, ఇల్లు కలిస్తే నట్టిల్లు అయినట్టే ఇవి రెండూ కలిసి నిట్టూర్పు అయ్యాయి. చిన్నయసూరి బాలవ్యాకరణం చదివినవాళ్లకు ఇది ద్విరుక్తటకార సంధిగా గుర్తుండే ఉంటుంది. పరీక్ష కోసం బట్టీ పట్టిన ఆ ఉదాహరణ వెనక ఇంత పెద్ద కుటుంబం ఉందని నాకు చాలాకాలం తెలియలేదు. కన్నడంలో నిట్టుసిరు, తమిళంలో నెట్టుయిర్ప్పు, మలయాళంలో నెడువీర్ప్పు. అందరికీ ఆ చప్పుడులో వినిపించింది పొడవే! మన ఉసురు, కన్నడ ఉసిరు, తమిళ ఉయిర్ కూడా ఈ ఊర్పుకు చుట్టాలే. అందుకే ఉసురంటే ఊపిరి, ప్రాణం కూడా. ఎండన పడి వచ్చి ఉసూరుమంటూ కూలబడ్డామంటే అందులో ఉన్నదీ ఆ పాత ఊపిరే.

శరీరం సంగతి చూస్తే ఈ పేరు ఎంత సరైనదో తెలుస్తుంది. దిగులున్నా లేకపోయినా మనం గంటకు సుమారు 12 సార్లు, మనకే తెలియకుండా నిట్టూరుస్తాం. మామూలు శ్వాసలో లోపలికి వెళ్లేది అర లీటరు గాలి. ఊపిరితిత్తుల్లో కోట్లకొద్దీ ఉన్న బుల్లి గాలి తిత్తుల్లో, అంటే వాయుగోణుల్లో, కొన్ని ఆ కాస్త గాలితో మెల్లగా ముడుచుకుపోతాయి. వాటి తడి గోడలు అంటుకుంటే మామూలు ఊపిరితో విడిపోవడం కష్టం. అప్పుడు పీల్చిన శ్వాస మీదే ఇంకో శ్వాస ఎక్కుతుంది. దాదాపు రెట్టింపు గాలి చేరి గోణులు తెరుచుకుంటాయి. ఆ గాలంతా తిరిగి బయటికి వచ్చేటప్పటి చప్పుడే మనం వినే నిట్టూర్పు.

2016లో అమెరికా శాస్త్రవేత్తలు మెదడు కాండంలో ఈ పని నడిపే నాడీకణాలను ఎలుకల్లో గుర్తించారు. ఆ కణాలు కొన్నింటిని తీసేస్తే నిట్టూర్పులు ఆగిపోయాయి, మామూలు శ్వాస మాత్రం సాగింది. టెన్షన్‌లో, బాధలో, హమ్మయ్య అనుకున్నప్పుడు నిట్టూర్పులు పెరిగే మాట నిజమే. కానీ ఏ బాధా తెలియని పసిబిడ్డ కూడా నిట్టూరుస్తుంది. ఊయల పక్కన కాసేపు కూర్చుంటే, నిద్రలోనే ఒక నిడుపాటి ఊపిరి వినిపిస్తుంది.