కొత్త చెక్క నేలలో సందులు

చిన్నీ, బుజ్జీ,

మీ ఉత్తరం అందింది. రెండు ప్రశ్నలు వేశారు. కొత్త చెక్క నేల అద్దంలా మెరవదేం? వేసిన ఆరు నెలలకే పలకల మధ్య సందులొచ్చాయి, వడ్రంగి మోసం చేశాడా? ముందు రెండోదానికి జవాబు చెబుతాను. పాపం, అతని మీద నింద పడింది కదా.

రెండు గోడల మధ్య ఒక బెంచీ ఉందనుకోండి. దాని మీద పిల్లలు భుజాలు ఆనించుకుని కూర్చున్నారు. చలేసి అందరూ స్వెటర్లు తొడుక్కున్నారు. ఎవరూ పొడుగవలేదు గానీ ప్రతివాడూ కాస్త లావయ్యాడు. చివరివాడికీ గోడకీ మధ్య జాగా ఉంటే సర్దుకుంటారు. లేకపోతే మధ్యలో ఎవడో ఒకడు పైకి లేవాల్సిందే. ఎండెక్కి స్వెటర్లు విప్పారా, మళ్లీ మనిషికీ మనిషికీ మధ్య ఖాళీలు.

పలకకు స్వెటరంటే గాలిలోని తేమ. తేమ పీల్చితే పలక వెడల్పులో ఉబ్బుతుంది, పొడవులో దాదాపు కదలదు. అందుకే గోడ వెంబడి 10, 12 మిల్లీమీటర్ల జాగా వదిలి, పైన స్కర్టింగ్ పట్టీతో కప్పేస్తారు. ఆ జాగాను ఎవరైనా సిమెంటుతో పూడ్చేస్తే, వానలు పడ్డాక నేల గది మధ్యలో ఉబికి లేస్తుంది.

ఇక ఫ్యాషన్ చేసిన పని చూడండి. ఇదివరకు ఓక్ అనే గట్టి చెక్క పలక వెడల్పు సాధారణంగా 57 మిల్లీమీటర్లు. ఇప్పుడు చాలామంది 180, 220 అడుగుతున్నారు. అతుకులు తగ్గి గది విశాలంగా కనిపిస్తుంది, నిజమే. కానీ సన్నటి పిల్లలు పద్దెనిమిది మంది పట్టే చోట లావుపాటి పిల్లలు ఆరుగురిని కూర్చోబెట్టామన్నమాట. స్వెటర్లు విప్పితే వచ్చే మొత్తం ఖాళీ ఎటూ ఒకటే. పద్దెనిమిది మంది పంచుకుంటే కంటికి ఆనదు, ఆరుగురే పంచుకుంటే దాగదు. చెక్కలో తేమ 4 శాతం తగ్గిందనుకుంటే, మామూలు కోత ఓక్‌లో 57 మిల్లీమీటర్ల పలక 0.8 మిల్లీమీటర్లు కుంచించుకుపోతుంది. 180 మిల్లీమీటర్లదయితే 2.6. దుంగను కేంద్రం నుంచి అంచుకు వచ్చే దిశలో కోయిస్తే ఈ కదలిక సగానికి పడిపోతుంది, కానీ అలా కోస్తే చెక్క ఎక్కువ వృథా అవుతుంది.

అయితే వడ్రంగిని ఒక్క మాట అడగాలి: మీటరు పెట్టి తేమ చూశావా అని. వెడల్పు పలకలకూ, వాటి కింది ప్లైవుడ్‌కూ మధ్య తేమ తేడా 2 శాతం దాటకూడదు. గచ్చు ఇంకా పచ్చిగా ఉండగానే లారీ దించి, ఆ సాయంత్రమే మేకులు కొట్టేస్తే మాత్రం తప్పు అతనిదే. అప్పుడు పలక అడుగు భాగం తడి పీల్చి, అంచులు పళ్లెంలా పైకి లేస్తాయి. కంగారుపడి వెంటనే వాటిని అరగదీయించారో, ఆరాక అంచులు కిందికి దిగి నడుము ఉబ్బెత్తుగా మిగులుతుంది. తడి వచ్చే దారి మూసి, ఓపికపట్టి ఆరనివ్వాలి.

వెడల్పు కావాలి, సందులు వద్దు అనేవారికి ఇంజనీర్డ్ పలకే మేలు. పైన అసలు ఓక్ పొర, దాని కింద ఒకదానికొకటి అడ్డంగా అంటించిన ప్లై పొరలు. బెంచీ మీది పిల్లలందరి నడుములకూ అడ్డకర్ర కట్టినట్టు. లావవుదామన్నా అది అవనివ్వదు! కొనేటప్పుడు పై పొర మందం అడగాలి. 4 మిల్లీమీటర్లుంటే ఒకటి రెండుసార్లు అరగదీసి కొత్తగా చేసుకోవచ్చు. 2 కన్నా తక్కువైతే ఆ ఆశ వదులుకోవాలి.

మెరుపు సంగతి. ఇప్పుడు మెరవని మ్యాట్ పాలిష్‌దే రాజ్యం. నున్నటి మెరుపు మీద పడ్డ చిన్న గీత కూడా వెలుతురులో వెక్కిరిస్తుంది. మ్యాట్ పూత వెలుగును నలువైపులా చెదరగొడుతుంది కనుక గీత అందులో కలిసిపోతుంది. మీ నేలకు తీగ బ్రష్ కూడా పట్టించారు. వసంతంలో చెట్టు తొందరగా పెంచుకున్న మెత్తటి చెక్క ఆ బ్రష్‌కు ఊడిపోతుంది, తర్వాత పెరిగిన గట్టి చెక్క గీతలుగా నిలుస్తుంది. బూడిద రంగు మోజు తగ్గి, ఓక్ సహజ రంగు, తేనె రంగు తిరిగి వచ్చాయి. నాకు సంతోషమే, చెక్క చెక్కలా కనిపిస్తుంది.

చేపముల్లు నమూనా కూడా మళ్లీ అడుగుతున్నారు. అందులో రెండు రకాలున్నాయి. హెరింగ్‌బోన్‌లో ముక్కల చివరలు అడ్డంగా, తిన్నగా కోసి ఉంటాయి, ఒకదాని చివర పక్కదాని పక్కకు ఆనుతుంది. షెవ్రాన్‌లో చివరలు ఏటవాలుగా కోసి ఉంటాయి, రెండు ముక్కలు కలిసేచోట తిన్నటి గీత పడుతుంది. ముక్కలు ఎటు ఉబ్బుతాయో చెప్పడానికి నా బెంచీ ఇక్కడ చాలదు, పిల్లలందరూ ఏటవాలుగా కూర్చున్నారు మరి.

ఇప్పుడు మీ పని. కిటికీ ముందు బోర్లా పడుకుని, చెంప నేలకు ఆనించి చూడండి. బ్రష్ వదిలిన గాళ్లు కనిపిస్తాయి, వేలితో తడిమితే తెలుస్తాయి కూడా. తర్వాత పోస్టుకార్డు ముక్కలు తీసుకుని, బాగా పెద్దగా ఉన్న సందులో ఎన్ని పడతాయో లెక్కపెట్టి, తేదీతో రాసి పెట్టుకోండి. నాలుగు వానలు పడ్డాక అదే సందులో మళ్లీ పెట్టి, ఆ రెండు అంకెలూ నాకు రాయండి.

మీ తాతయ్య