గెలుపుల పట్టిక డ్రైవరును కొలవదు: రేసింగ్ గణాంకాలపై అపోహలు – వాస్తవాలు

గుంటూరులో డిగ్రీ విద్యార్థులకు స్టాటిస్టిక్స్ బోధిస్తూ, కార్టింగ్‌లో (చిన్న రేసు బళ్ల పోటీల్లో) పాల్గొనే పిల్లల ల్యాప్ టైమ్‌లను, అంటే ట్రాక్‌ను ఒక్కో చుట్టు తిరగడానికి పట్టే సమయాలను, విశ్లేషించి వారి కుటుంబాలకు సలహాలు ఇస్తుంటాను. ఫలానా డ్రైవరే అందరికన్నా గొప్పవాడని గణాంకాలు తేల్చేశాయంటూ వాట్సాప్‌లో తిరిగే పట్టికలు ప్రతి సీజన్‌లోనూ నా దగ్గరకు వస్తూనే ఉంటాయి. అభిమానుల వాదోపవాదాల వరకే అయితే వాటిని పట్టించుకోనక్కర్లేదు. కానీ అదే కొలబద్దతో ఒక తండ్రి తన పన్నెండేళ్ల కొడుకు భవిష్యత్తును తేల్చేయబోతున్నప్పుడు చూస్తూ ఊరుకోవడం నావల్ల కాదు.

అపోహ: ఎక్కువ గెలిచినవాడే మెరుగైన డ్రైవరు, పాయింట్లే ప్రతిభకు కొలత.

వాస్తవం: గెలుపు కారుదీ డ్రైవరుదీ కలిపిన ఫలితం. ఆ రెండింటినీ విడదీయకుండా డ్రైవరుకు మార్కులు వేయడం కుదరదు. 2020 డిసెంబరులో బహ్రెయిన్‌లో జరిగిన సఖీర్ గ్రాండ్ ప్రిలో ఈ విషయం అందరి కళ్లముందే రుజువైంది. అప్పటిదాకా వెనకబడిన విలియమ్స్ జట్టు కారు నడుపుతూ ఫార్ములా వన్‌లో ఒక్క పాయింటు కూడా తెచ్చుకోలేకపోయిన జార్జ్ రస్సెల్, కోవిడ్ సోకిన లూయిస్ హామిల్టన్ స్థానంలో ఆ ఒక్క వారానికి అప్పట్లో అన్నిటికన్నా వేగమైన మెర్సిడెస్ కారు ఎక్కాడు. క్వాలిఫైయింగ్‌లో (రేసులో ఎవరు ఏ స్థానం నుంచి మొదలుపెట్టాలో తేల్చే ముందురోజు టైమ్ పోటీలో) ఆ జట్టు డ్రైవరు వాల్టెరి బొటాస్‌కన్నా కేవలం 0.026 సెకన్లు వెనకబడ్డాడు. ఆదివారం రేసులో చాలాసేపు అందరికన్నా ముందు నడిచి, పిట్‌లో (కారు ఆపి టైర్లు మార్చే చోట) టైర్లు తారుమారు కావడం, ఆ తరవాత పంక్చర్ కావడంతో చివరికి తొమ్మిదో స్థానానికి పడిపోయాడు. మనిషి మారలేదు, వారం రోజుల్లో ప్రతిభ పెరగలేదు. మారింది కారు ఒక్కటే. పైగా ఆ రోజు ఫలితాల పట్టిక మాత్రమే చూసినవారికి తొమ్మిదో స్థానం తప్ప ఇంకేమీ కనిపించదు.

1950 నుంచి 2014 వరకు జరిగిన రేసుల ఫలితాలపై షెఫీల్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో వెలువరించిన అధ్యయనం, ఫలితాల్లో జట్టు వల్ల, డ్రైవరు వల్ల వచ్చే తేడాలను వేరుచేసి చూస్తే సుమారు 86 శాతం జట్టు వాటాయేనని అంచనా వేసింది. దీన్ని చూసి "అంతా కారే, డ్రైవరు నిమిత్తమాత్రుడు" అనుకోవడమూ పొరపాటే. 2023లో రెడ్ బుల్ 22 రేసుల్లో 21 గెలిస్తే అందులో 19 మాక్స్ వెర్‌స్టాపెన్‌వి, రెండే సెర్హియో పెరెజ్‌వి. పాయింట్లు 575, 285. మిగిలిన 14 శాతం చిన్నదేమీ కాదని ఆ అంకెలే చెబుతున్నాయి. అయితే ఆ వాటా ఒకే కారులోని ఇద్దరిని పక్కపక్కన పెట్టినప్పుడే కంటికి ఆనుతుంది.

ఇందులో మరో చిక్కు ఉంది. మంచి కార్లున్న జట్లు మంచి డ్రైవర్లనే ఏరి తెచ్చుకుంటాయి. మన విజయవాడ కార్పొరేట్ కాలేజీల ర్యాంకుల ప్రకటనలు చూసినవారికి ఇది వెంటనే బోధపడుతుంది: పదో తరగతిలో ముందున్న పిల్లలనే ఏరి ప్రత్యేక బ్యాచ్‌లో కూర్చోబెట్టిన తరవాత వచ్చిన ర్యాంకుల్లో కాలేజీ గొప్పదనం ఎంత, ఆ పిల్లలు తమతో తెచ్చుకున్నది ఎంత అన్నది ప్రకటనలోని ఫొటోలు చెప్పవు.

ఈ అపోహకు అందరికన్నా ఎక్కువ మూల్యం చెల్లిస్తున్నది కార్టింగ్ కుటుంబాలే. పటమటలో వ్యాపారం చేసుకునే ఒకాయన, కొడుకు వరసగా ఏడో స్థానంలోనో ఎనిమిదో స్థానంలోనో వస్తుంటే దిగులుపడి, సీజన్ ఫలితాల కాగితాలు పట్టుకుని వచ్చారు. "మాస్టారూ, మావాడిలో సరుకు లేదేమోనండీ. ట్రాక్ దగ్గర అందరూ అదే మాట అంటున్నారు. ఇక ఆపేద్దామనుకుంటున్నాం" అన్నారు. ఫలితాలు పక్కన పెట్టి ల్యాప్ టైమ్‌ల పూర్తి షీట్లూ, స్టీరింగ్ మీదుండి వేగం వంటివి నమోదుచేసే లాగర్ డేటా కూడా తెప్పించమన్నాను. అదే జట్టులో గెలుస్తున్న కుర్రాడి డేటాతో పోలిస్తే, మలుపుల మధ్యలో ఇద్దరి కనీస వేగమూ దాదాపు సమానంగా ఉంది. బ్రేకు వేసే చోటూ ఒకటే. తేడా అంతా స్ట్రెయిట్ (మలుపుల్లేని తిన్నని దారి) చివర్లోనే, ప్రతి ల్యాప్‌లోనూ అంతే మేరకు వస్తోంది. ఇద్దరి బరువులూ సరిచూశాక, తరవాతి ప్రాక్టీసులో అవే టైర్లతో ఇద్దరి ఇంజన్లు మాత్రం ఒకరివి ఒకరికి మార్పించమని జట్టును అడగమన్నాను. తేడా పిల్లవాడితో పాటు ఉండిపోలేదు, ఇంజన్ వెంట వెళ్లిపోయింది. ట్రాక్ పక్కన నిలబడి పన్నెండేళ్ల పిల్లవాడి ముందే "వీడికి స్పీడు లేదు" అని తీర్పులు చెప్పేవాళ్లలో ఒక్కరు కూడా ఆ షీటు అడిగి చూడలేదు.

ప్రతిసారీ ఇలాగే జరుగుతుందని ఆశ పెట్టడం నా ఉద్దేశం కాదు. చాలాసార్లు డేటాలో కనిపించేది పిల్లవాడు బ్రేకు ముందే వేస్తున్నాడనో, మలుపు దాటాక యాక్సిలరేటర్ ఆలస్యంగా తొక్కుతున్నాడనో ఉంటుంది. అదైనా నేర్పితే సరిదిద్దగలిగే విషయమే. ఏది నిజమో తెలుసుకోకుండా ఆపేయడమూ, ఎవరో చెప్పారని అప్పు చేసి కొత్త ఇంజన్ కొనడమూ రెండూ నష్టమే.

అపోహ: టీమ్‌మేట్‌ను క్వాలిఫైయింగ్‌లో 11–7తో ఓడించాడు కాబట్టి అతనే వేగవంతుడు.

వాస్తవం: వర్షం పడినవీ, కారు చెడిపోయినవీ తీసేస్తే ఒక సీజన్‌లో పోల్చదగిన క్వాలిఫైయింగ్‌లు 18 మిగిలాయనుకుందాం. ఇద్దరూ సరిసమానులై, ప్రతి శనివారం ఎవరు ముందుంటారన్నది చెరి సగం అవకాశమే అయినా, ఎవరో ఒకరు 11–7 లేదా అంతకు మించిన తేడాతో ముందుండే సంభావ్యత 48 శాతం. 13–5కు కూడా అది దాదాపు 10 శాతం ఉంటుంది. అందుకే ఎన్నిసార్లు అన్నదానికన్నా ఎంత తేడాతో అన్నది చూడాలి. క్వాలిఫైయింగ్ విడతల్లో ఇద్దరూ పాల్గొన్న చివరి సెషన్‌లోని టైమ్‌ల తేడాను శాతంలోకి మార్చి, ఆ శాతాల మధ్యగతాన్ని (వరసలో పేరిస్తే సరిగ్గా నడుమ వచ్చేదాన్ని) తీసుకోవాలి. సగటు తీసుకుంటే ఒక్క పాడైన ల్యాప్ మొత్తం లెక్కను లాగేస్తుంది.

క్వాలిఫైయింగ్ ఒక్కటే చూసినా చాలదు. 2010 నుంచి 2012 వరకు మెక్‌లారెన్‌లో హామిల్టన్, జెన్సన్ బటన్ కలిసి నడిపిన మూడేళ్లలో హామిల్టన్‌కు 657 పాయింట్లు, బటన్‌కు 672 వచ్చాయి. గెలుపుల్లో హామిల్టన్ 10, బటన్ 8. మూడు సీజన్లలో రెండింట హామిల్టనే ముందున్నాడు. ఏ వరస చూపించాలనుకుంటే ఆ వరస ఇందులో దొరుకుతుంది. ఇలాంటి చోట ఎవరైనా ఒక్క అంకె చూపించి వాదన ముగించారంటే, మిగతా అంకెలు చూడలేదనో, చూసి దాచారనో అర్థం.

అపోహ: పాత తరం వారినీ నేటి వారినీ పాయింట్లతో పోల్చవచ్చు.

వాస్తవం: పోల్చలేము. గెలుపుకు 1950లో 8 పాయింట్లు, 1991లో 10, 2010 నుంచి 25. 1988లో అలెన్ ప్రోస్ట్ మొత్తం 105 పాయింట్లు, అయర్టన్ సెన్నా 94 తెచ్చుకున్నా, మెరుగైన 11 ఫలితాలనే లెక్కించే నాటి నియమం వల్ల 90–87తో సెన్నా చాంపియన్ అయ్యాడు. హువాన్ మాన్యుయెల్ ఫాంజియో 51 రేసుల్లో 24 గెలిచాడు. అంటే 47 శాతం. అందులో 1951 ఫ్రాన్స్, 1956 అర్జెంటీనా గెలుపులు కారును మరొకరితో పంచుకుని సాధించినవి. మన నరేన్ కార్తికేయన్ ఫార్ములా వన్ పాయింట్లు 5, అవన్నీ 2005లో ఇండియానాపోలిస్‌లో మిషెలిన్ టైర్ల జట్లు తప్పుకోగా ఆరు కార్లే పరుగెత్తిన రేసులో వచ్చినవే. దాన్ని ఎగతాళి చేసేవారూ, మహాద్భుతంగా చెప్పేవారూ ఇద్దరూ ఆ అంకె మోయలేని బరువును దాని మీద పెడుతున్నారు.

అపోహ: ఫాస్టెస్ట్ ల్యాప్ కొట్టినవాడే ఆ రోజు అత్యుత్తమ డ్రైవరు.

వాస్తవం: కాదు. చివర్లో పిట్‌కు వెళ్లి కొత్త టైర్లు వేయించుకున్నవాడికి, ఇంధనం కరిగి కారు తేలికైనప్పుడు అది దొరుకుతుంది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఇ (విద్యుత్ కార్ల) రేసుకు మన ఊళ్ల నుంచి వెళ్లినవారికి, ఒక్క ల్యాప్ వేగమే రేసును గెలిపించదన్నది గుర్తుండాలి. బ్యాటరీ శక్తిని పొదుపు చేసుకుంటూ, వెనకనుంచి నిక్ కాసిడీ తరుముతున్నా చోటివ్వకుండా జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు.

అపోహ: కంప్యూటర్ మోడల్ ఇచ్చిన ర్యాంకే ఆఖరి మాట.

వాస్తవం: ఫార్ములా వన్, అమెజాన్ వెబ్ సర్వీసెస్ కలిసి 2020లో విడుదల చేసిన వేగవంతుల జాబితాలో సెన్నా, షుమాకర్, హామిల్టన్ తొలి మూడు స్థానాల్లో ఉండగా, హెయికీ కోవలైనెన్ ఎనిమిదో స్థానంలో నిలిచాడు. నవ్వుకున్నవారే ఎక్కువ. ఆ మోడల్ కొలిచింది క్వాలిఫైయింగ్ వేగాన్ని మాత్రమే. టీమ్‌మేట్లను ఒకరితో ఒకరిని గొలుసులా కలుపుతూ పోయింది. కోవలైనెన్ 2008, 2009లో హామిల్టన్ పక్కన నడిపాడు. ఆ ఏళ్లలో చివరి క్వాలిఫైయింగ్ సెషన్‌ను రేసు మొదలుపెట్టే ఇంధనంతోనే నడపాలి. 10 కిలోల ఇంధనం ఎక్కువుంటే ల్యాప్‌కు దాదాపు 0.3 సెకన్లు పోతాయి కాబట్టి, ఆ తేడాను సవరించకుండా ఆ ఇద్దరినీ పోల్చలేము. ప్రతి స్థానం పక్కన ఇంత నుంచి ఇంత వరకు అనే పరిధి లేని జాబితాను నేను విద్యార్థుల ప్రాజెక్టులోనైనా అంగీకరించను.

పిల్లల విషయమై నా దగ్గరకు వచ్చే తల్లిదండ్రులు ట్రోఫీల ఫొటోలు తేనక్కర్లేదు. ప్రతి సెషన్ ల్యాప్ షీటు, అదే జట్టులోని మరో పిల్లవాడి షీటు, టైర్లు ఎన్ని సెషన్లు తిరిగాయో, ఇంజన్ నంబరు, కనీస బరువు కోసం కట్టే సీసపు బరువులతో కలిపి పిల్లవాడి బరువు రాసి తెస్తే చాలు. టీమ్‌మేట్ షీటు ఇవ్వడానికి జట్టు నిరాకరిస్తే, వచ్చే సీజన్ డబ్బు కట్టకముందే దాని గురించి మాట్లాడుకోండి.