బంతి విసరడానికీ పేటెంటా? వీడియో గేమ్ పేటెంట్ల వెనక ఉన్న చరిత్ర

2024 సెప్టెంబర్‌లో నింటెండో, ది పోకెమాన్ కంపెనీ కలిసి పాకెట్‌పెయిర్ అనే చిన్న సంస్థ మీద టోక్యో జిల్లా కోర్టులో దావా వేశాయి. ఆ సంస్థ అదే ఏడాది జనవరిలో విడుదల చేసిన పాల్‌వరల్డ్ గేమ్ మీద కేసు పడుతుందని చాలామంది ముందే ఊహించారు. అందులోని జీవులు పోకెమాన్ జీవుల్లా ఉన్నాయని మొదటి రోజు నుంచే గొడవ నడుస్తోంది. తీరా కేసు పడ్డాక చూస్తే అందులో బొమ్మల పోలిక ప్రస్తావనే లేదు. కాపీరైట్ ఊసెత్తకుండా మూడు పేటెంట్లు ఉల్లంఘించారని మాత్రమే ఆరోపించారు. వాటిలో రెండు బంతి లాంటి వస్తువును గురిపెట్టి విసిరి జీవిని పట్టుకోవడం, బయటికి వదలడం గురించినవి. మూడోది జీవుల మీద ఎక్కి తిరుగుతూ ఒకదాని నుంచి ఇంకోదానికి మారడం గురించినది. ఒక్కో కంపెనీ అడిగిన నష్టపరిహారం 50 లక్షల యెన్లు, దానిపై ఆలస్య రుసుము. ఈ స్థాయి కంపెనీలకు అది లెక్కలోకి రాని సొమ్ము. వాళ్లు అసలు కోరింది గేమ్‌ను ఆపే ఉత్తర్వు.

ఇంతకంటే ఆశ్చర్యం కలిగించేది తేదీల విషయం. కేసులో చూపిన మూడు పేటెంట్లూ ప్రస్తుత రూపంలో దాఖలైంది 2024లో, అంటే పాల్‌వరల్డ్ మార్కెట్‌లోకి వచ్చాక. 2021 డిసెంబర్ నాటి మూల దరఖాస్తు నుంచి వాటిని విడదీశారు కాబట్టి చట్టం దృష్టిలో వాటి వయసు 2021 నుంచే లెక్క. ఇలా విడదీయడం పూర్తిగా చట్టబద్ధం, చాలా దేశాల్లో మామూలు పద్ధతి కూడా. అయినా ఎదుటివాడి గేమ్ చూశాక దానికి సరిపోయేలా మాటలు కూర్చుకునే వీలు ఉండటం నాకు న్యాయంగా అనిపించదు. గేమ్ తయారుచేసేవాడు ఆ రోజు అమల్లో ఉన్న పేటెంట్లన్నీ వెతికి చదివినా, రేపు పుట్టబోయే పేటెంట్‌ను ఎలా చదువుతాడు?

ఆటలో చేసే ఒక పనికే పేటెంట్ ఇచ్చేదాకా వ్యవహారం ఎలా వచ్చిందో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

తెరమీద ఆడే ఆటకు తొలి పేటెంట్లలో ఒకటి అమెరికాలో 1948 డిసెంబర్‌లో వచ్చింది. డ్యూమాంట్ లాబొరేటరీస్‌కు చెందిన థామస్ గోల్డ్‌స్మిత్, ఎస్టిల్ రే మాన్ అంతకుముందు ఏడాది దరఖాస్తు చేశారు. క్యాథోడ్ రే ట్యూబ్ (పాత టీవీల్లో ఉండే తెర గొట్టం) మీద వెలుగు చుక్కను నాబ్‌లతో తిప్పుతూ తెరపై అంటించిన లక్ష్యాన్ని కొట్టాలి. అది అమ్మకానికి రాలేదు, దాని మీద ఎవరూ కోర్టుకెక్కలేదు.

అసలు కథ రాల్ఫ్ బేర్‌తో మొదలవుతుంది. ఆయన న్యూ హాంప్‌షైర్‌లోని శాండర్స్ అసోసియేట్స్ అనే రక్షణ రంగ కంపెనీలో ఇంజినీరు. 1966 ఆగస్టు చివర న్యూయార్క్‌లో ఒక బస్ టెర్మినల్ దగ్గర సహోద్యోగి కోసం ఎదురుచూస్తుండగా, ఇళ్లలో ఉన్న టీవీ సెట్‌తో ఆటలు ఆడించవచ్చు కదా అన్న ఆలోచన వచ్చింది. మర్నాడు, సెప్టెంబర్ 1న, నాలుగు పేజీల్లో రాసి తేదీ వేసిపెట్టాడు. బిల్ హారిసన్, బిల్ రష్ ఆయనతో కలిసి పనిచేశారు. 1968 నాటికి బ్రౌన్ బాక్స్ అనే నమూనా సిద్ధమైంది. దాన్ని టీవీలు తయారుచేసే మాగ్నావాక్స్ లైసెన్స్ తీసుకుని 1972లో ఒడిస్సీ పేరుతో అమ్మింది. ఇళ్లలోకి వచ్చిన మొదటి గేమ్ కన్సోల్ అదే. బేర్ పేటెంట్ 1973లో మంజూరైంది.

రష్ పేరుమీద ఉన్న పేటెంట్‌ను కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే తర్వాతి యాభై ఏళ్ల గొడవకు విత్తనం అందులో ఉంది. అది సర్క్యూట్ గురించిన పేటెంటే. అయితే అందులో హక్కు కోరుతూ రాసిన మాటల సారాంశం ఇది: తెరమీద ఆటగాడు కదిపే ఒక గుర్తు ఉంటుంది, దానితో కొట్టించుకునే ఇంకో గుర్తు ఉంటుంది, రెండూ ఒకేచోట కలిసినప్పుడు రెండోదాని కదలిక మారుతుంది. బ్యాట్‌తో బంతిని కొడితే బంతి దారి మళ్లుతుంది, అంతే. దాన్ని టీవీ సిగ్నల్‌తో చేయడం నిజంగా కొత్త. కానీ ఆ వర్ణనలో టెన్నిస్, హాకీ, స్క్వాష్ అన్నీ ఇమిడిపోతాయి.

1972 మేలో కాలిఫోర్నియాలోని బర్లింగేమ్‌లో ఒడిస్సీ ప్రదర్శన పెట్టారు. నోలన్ బుష్నెల్ అక్కడికి వచ్చి ఆడి చూశాడు, సందర్శకుల పుస్తకంలో సంతకం కూడా చేశాడు. అదే ఏడాది ఆయన కంపెనీ అటారీ, టేబుల్ టెన్నిస్ లాంటి పాంగ్ ఆటను తెచ్చింది. 1974లో మాగ్నావాక్స్ అటారీతో పాటు మరికొన్ని కంపెనీల మీద షికాగోలో కేసు వేసింది. ఆ సంతకమూ, బేర్ తేదీలు వేసి దాచుకున్న కాగితాలూ కొండంత బలమయ్యాయి. 1976లో అటారీ 15 లక్షల డాలర్లకు రాజీపడి లైసెన్స్ తీసుకుంది. విచారణకు నిలబడినవాళ్లు ఓడిపోయారు. 1977లో తీర్పు చెప్పిన జడ్జి జాన్ గ్రేడీ, బేర్ పేటెంట్‌ను ఈ రంగానికే మార్గదర్శకమైనదిగా గుర్తించాడు. తర్వాత మాటెల్, యాక్టివిజన్ కూడా కోర్టులో గెలవలేకపోయాయి. లైసెన్సులు, కేసుల మీద మొత్తం పదికోట్ల డాలర్లకు పైగా వసూలైంది.

1980ల్లో ఆ పేటెంట్లను కొట్టేయించాలని కోర్టుకెళ్లిన కంపెనీల్లో నింటెండో కూడా ఉంది. విలియం హిగిన్‌బోథమ్ 1958లోనే బ్రూక్‌హేవన్ ల్యాబ్‌లో ఆసిల్లోస్కోప్ (విద్యుత్ సంకేతాలను తెరపై చూపే పరికరం) మీద టెన్నిస్ ఆట చేశాడు కాబట్టి బేర్ బృందానిది కొత్త ఆవిష్కరణ కాదని వాదించింది. ఆ యంత్రం వీడియో సిగ్నల్ వాడలేదంటూ కోర్టు వాదనను తోసిపుచ్చింది. పాత ఆటను చూపించి పేటెంట్‌ను పడగొట్టాలన్న ఆ ఎత్తుగడనే ఇప్పుడు పాకెట్‌పెయిర్ నింటెండో మీద వాడుతోంది.

నింటెండో పేటెంట్లన్నిటినీ ఒకే గాట కట్టలేం. 1982 నాటి డాంకీ కాంగ్ గేమ్ అండ్ వాచ్‌లో గున్‌పే యోకోయి పెట్టిన ప్లస్ ఆకారపు బటన్, అంటే డీ-ప్యాడ్, నిజమైన ఆవిష్కరణ. మధ్యలో ఊతం ఉండి ఒక్క బొటనవేలితో నాలుగు వైపులా నొక్కగలిగే మీట అది. దానికి అమెరికా పేటెంట్ 1987లో వచ్చి 2005లో ముగిసింది. ఆ కాలంలో సెగా గుండ్రటి ప్యాడ్ పెట్టుకుంది. సోనీ ప్లేస్టేషన్ కంట్రోలర్‌లో పైకి నాలుగు విడి బటన్లు కనిపిస్తాయి. అది ఈ పేటెంట్‌ను తప్పించుకోవడానికేనని ఎక్కువమంది చెబుతారు. ఎవరి ఆటా ఆగలేదు, కొత్త ఆకారాలు పుట్టాయి. పేటెంట్ వ్యవస్థ చేయాల్సిన మేలు ఇలాంటిదే.

1990ల్లో గాలి మారింది. పోటీ చాలావరకు సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చింది. ఆలోచనకు కాపీరైట్ రక్షణ ఉండదు, దాన్ని రాసిన కోడ్‌కూ గీసిన బొమ్మకూ మాత్రమే ఉంటుంది. అందుకే కంపెనీలు ఆడే పద్ధతులకే పేటెంట్లు అడగడం మొదలుపెట్టాయి. ఫైనల్ ఫాంటసీ 4లో వచ్చిన, సమయపు పట్టీ నిండాక పాత్ర వంతు వచ్చే యుద్ధ పద్ధతికి స్క్వేర్ 1995లో అమెరికా పేటెంట్ పొందింది. క్రేజీ ట్యాక్సీలో కారు పైన తేలే బాణం లాంటి అంశాలకు సెగా 2001లో పొందింది. ఆ పేటెంట్‌తోనే 2003లో సింప్సన్స్ రోడ్ రేజ్ మీద కేసు వేసి, కోర్టు బయట తేల్చుకుంది.

నామ్‌కో పేటెంట్ గురించి మాత్రం ఆగి మాట్లాడాలి. ప్లేస్టేషన్ తొలి రోజుల్లో సీడీ నుంచి గేమ్ లోడ్ కావడానికి చాలాసేపు పట్టేది. రిడ్జ్ రేసర్‌లో నామ్‌కో ఆ ఖాళీలో గెలాక్సియన్ ఆట పెట్టింది. ముందు చిన్న ఆట మెమరీలోకి వస్తుంది, అది ఆడుతుండగా వెనక పెద్ద ఆట లోడ్ అవుతుంది. ఈ పద్ధతికి 1995లో దరఖాస్తు చేస్తే 1998లో పేటెంట్ వచ్చింది. నిజానికి 1980ల్లోనే కమోడోర్ 64 అనే ఇంటి కంప్యూటర్‌లో క్యాసెట్ తిరుగుతున్నంతసేపూ ఆడుకునే ఇన్వేడ్-ఎ-లోడ్ అనే ఏర్పాటు ఉండేది. అయినా ఆ పేటెంట్‌ను కోర్టులో సవాలు చేసి పడగొట్టినవాళ్లు లేరు. చేయాలంటే లక్షల డాలర్ల ఖర్చు, ఏళ్ల తరబడి టెన్షన్. ఒక మినీ గేమ్ కోసం అంత భారం ఎవరు మోస్తారు? అందరూ ఆ ఆలోచననే పక్కన పెట్టేశారు. కొన్ని స్పోర్ట్స్ గేమ్‌లు అసలు ఆటలోనే ప్రాక్టీస్ చేసుకోనిచ్చి సర్దుకున్నాయి. డిస్కులు నెమ్మదిగా తిరిగిన కాలమంతా కోట్లమంది కదలని బొమ్మనో, తిరిగే చక్రాన్నో చూస్తూ కూర్చున్నారు. పేటెంట్ 2015 నవంబర్‌లో ముగిసినప్పుడు కొందరు డెవలపర్లు ఆనందంగా లోడింగ్ స్క్రీన్ ఆటల పోటీ పెట్టుకున్నారు. అప్పటికి ఆ పద్ధతితో తీరే అవసరం చాలావరకు పోయింది.

ఇరవై ఏళ్ల గడువు మందుల కంపెనీకి ఎలా ఉంటుందో గానీ, గేముల్లో అది మూడు నాలుగు తరాల కన్సోళ్ల కాలం. పేటెంట్ ముగిశాక సమాజానికి తిరిగి దక్కేది చాలాసార్లు పనికి రాని వస్తువే.

ఆటగాళ్ల చేతికి నేరుగా తగిలిన కేసు ఇమ్మర్షన్‌ది. కంట్రోలర్ వైబ్రేషన్ మీద పేటెంట్లున్న ఈ కంపెనీ 2002లో మైక్రోసాఫ్ట్, సోనీల మీద కేసు పెట్టింది. మైక్రోసాఫ్ట్ 2003లో 2.6 కోట్ల డాలర్లు ఇచ్చి బయటపడింది. సోనీ పోరాడింది. 2004లో జ్యూరీ 8.2 కోట్ల డాలర్లు కట్టాలని చెప్పింది, 2005లో కోర్టు ఖరారు చేసేసరికి అది తొమ్మిది కోట్లు దాటింది. 2006లో ప్లేస్టేషన్ 3 కంట్రోలర్ వైబ్రేషన్ లేకుండా వచ్చింది. మోషన్ సెన్సర్‌తో వైబ్రేషన్ కుదరదని సోనీ చెప్పుకుంది. 2007 మార్చిలో ఇమ్మర్షన్‌తో రాజీ కుదిరింది. ఆ ఏడాదే రెండూ ఉన్న డ్యూయల్‌షాక్ 3 వచ్చేసింది. తేదీలు పక్కపక్కన పెట్టి చూసినవాళ్లకు వేరే వివరణ అక్కర్లేదు.

పేటెంట్ చట్టంలో చాలామందికి తెలియని కఠినమైన మాట ఒకటుంది. ఎవర్నీ చూడకుండా సొంతంగా కనిపెట్టాను అన్నా చెల్లదు. డూమ్ గేమ్‌ల ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ అనుభవం దానికి ఉదాహరణ. కెమెరా నీడ లోపలికి వెళ్తే నీడల లెక్క తప్పే చిక్కును ఆయన లెక్కను తిరగేసి పరిష్కరించాడు. ఆ పద్ధతిని అందరూ ఆయన పేరుతోనే పిలిచేవారు. తీరా చూస్తే క్రియేటివ్ ల్యాబ్స్ ఇంజినీర్లు 1999లోనే దానికి దరఖాస్తు చేసి ఉన్నారు. 2004లో డూమ్ 3 కోసం ఆ కంపెనీ సౌండ్ టెక్నాలజీని గేమ్‌లో చేర్చే ఒప్పందం చేసుకోవాల్సి వచ్చింది. 2011లో కోడ్‌ను అందరికీ విడుదల చేసేటప్పుడు లాయర్ల భయంతో ఆ కొద్ది లైన్లు మార్చి రాయాల్సి వచ్చింది.

ఆట నియమాలకు పేటెంట్ ఇవ్వకూడదన్న మాట చట్టాల్లో లేకపోలేదు. యూరప్ పేటెంట్ ఒప్పందంలోనూ, భారత చట్టంలోని సెక్షన్ 3లోనూ అది ఉంది. అమెరికాలో 2014 నాటి ఆలిస్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు నైరూప్యమైన ఆలోచనను కంప్యూటర్ మీద నడిపినంత మాత్రాన పేటెంట్ రాదని చెప్పింది. ఆ తీర్పు ఆధారంగానే వర్చువల్ లోకాల మీద హక్కు కోరిన వరల్డ్స్ అనే కంపెనీ యాక్టివిజన్ చేతిలో ఓడింది. కానీ బందాయ్ నామ్‌కో మీద వేసిన కేసులో, పాత్రల పెదాల కదలికను నియమాలతో నడిపే పద్ధతికి పేటెంట్ అర్హత ఉందని 2016లో అదే దేశపు ఫెడరల్ సర్క్యూట్ (పేటెంట్ అప్పీళ్లు వినే కోర్టు) తేల్చింది. కాబట్టి గీత ఎక్కడుందో చెప్పడం లాయర్లకే కష్టం. ఓడించిన శత్రువు పగబట్టి తిరిగొచ్చే షాడో ఆఫ్ మోర్డోర్ నెమెసిస్ పద్ధతికి వార్నర్ బ్రదర్స్ 2021లో పేటెంట్ సాధించింది. అది 2036 దాకా ఉంటుంది. ఆ గేమ్ చేసిన మోనోలిత్ స్టూడియోను మాత్రం 2025లో మూసేశారు. ఆ పద్ధతిని ముందుకు తీసుకెళ్లగలిగిన మనుషులు చెల్లాచెదురయ్యారు, హక్కు కాగితం మిగిలింది. నాకు ఇందులో అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

దీనికి భిన్నంగా 2021లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ఒక మంచి పని చేసింది. ఎపెక్స్ లెజెండ్స్‌లో మాట్లాడకుండానే సహచరులకు విషయం చెప్పే పింగ్ పద్ధతితో సహా, వైకల్యం ఉన్నవాళ్లకు ఉపయోగపడే ఐదు పేటెంట్లను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ప్రకటించింది.

నింటెండో పాకెట్‌పెయిర్ కంటే ముందే మరో కంపెనీ మీద ఇదే ఆయుధం వాడింది. మొబైల్ గేమ్‌లు చేసే కొలోప్ల్ మీద 440 కోట్ల యెన్లకు వేసిన కేసు 2021లో 330 కోట్ల యెన్ల రాజీతో ముగిసింది. అందుకేనేమో పాకెట్‌పెయిర్ తీర్పు కోసం ఆగలేదు. 2024 నవంబర్ అప్‌డేట్‌లో బంతి విసిరి జీవిని పిలిచే తీరు తీసేసింది, ఇప్పుడు జీవి ఆటగాడి పక్కన ప్రత్యక్షమవుతుంది. 2025 మేలో జీవిని పట్టుకుని గాలిలో తేలే వీలు పోయి, దాని బదులు గ్లైడర్ కావాల్సి వచ్చింది. ఈ మార్పులు కేసు వల్లే చేశామని కంపెనీ చెప్పింది. కోర్టు ఒక్క మాట చెప్పకముందే, డబ్బు పెట్టి కొన్నవాళ్ల చేతిలో గేమ్ మారిపోయింది.

నింటెండో మాత్రం దరఖాస్తులు పెడుతూనే ఉంది. పాత్రను పిలిచి యుద్ధం చేయించే పద్ధతికి 2025 సెప్టెంబర్‌లో అమెరికా పేటెంట్ దక్కింది. రెండు నెలలకే ఆ దేశ పేటెంట్ కార్యాలయ డైరెక్టర్ జాన్ స్క్వైర్స్ దాన్ని తిరిగి పరీక్షించమని ఆదేశించాడు. డైరెక్టరే స్వయంగా ఇలా అడగడం చాలా అరుదు. ఆధారంగా చూపినవి రెండు: 2002లో ప్రచురితమైన కోనామి దరఖాస్తు, నింటెండోనే గతంలో పెట్టుకున్న మరో దరఖాస్తు. జపాన్‌లోనూ, పాకెట్‌పెయిర్ కేసులో చూపిన జీవిని పట్టుకునే పేటెంట్లతో ఒకే మూలం నుంచి పుట్టిన ఒక దరఖాస్తును, ఆర్క్, మాన్‌స్టర్ హంటర్ 4 వంటి పాత గేమ్‌లలో ఆ పద్ధతి ఇప్పటికే ఉందంటూ పేటెంట్ కార్యాలయం 2025 అక్టోబర్‌లో తిరస్కరించింది.