బీజగణితమే జగత్తా? కోలార్ గనిలో తేలిన సంగతి

ప్రపంచానికి మూలం పదార్థం కాదు, బీజగణితమే అన్న వాదం బెంగళూరు తెలుగువాళ్ల సైన్స్ చర్చల్లో మళ్లీ రాజుకుంది. ఈసారి ముందుకొచ్చినవి ఆక్టోనియన్లు, అంటే ఎనిమిది కొలతల సంఖ్యలు. 1843లో గణితవేత్త హామిల్టన్ నాలుగు కొలతల సంఖ్యలు కనిపెట్టడంతో మొదలయ్యే కథ చాలామందికి తెలిసిందే. ఈ తగువు అర్థం కావాలంటే మాత్రం 1974 దగ్గర ఆగాలి.

ఆ ఏడాది భౌతికశాస్త్రవేత్తలు జార్జి, గ్లాషో ఎస్‌యూ(5) అనే గ్రూపును, అంటే కణాల మధ్య సౌష్ఠవాలను చెప్పే ఒక బీజగణిత నిర్మాణాన్ని ముందుకు తెచ్చారు. అందులో మూడు డౌన్ ప్రతిక్వార్కులు (ప్రోటాన్‌లో ఉండే డౌన్ క్వార్కుకు వ్యతిరేక కణాలు), ఎలక్ట్రాన్, న్యూట్రినో ఒకే కుటుంబం. గ్రూపు నియమం ప్రకారం ఆ ఐదింటి విద్యుదావేశాలూ కూడితే సున్నా రావాలి. న్యూట్రినోకు ఆవేశం లేదు, ఎలక్ట్రాన్‌ది మైనస్ ఒకటి. కాబట్టి ఒక్కో ప్రతిక్వార్కుకు మూడో వంతు రాక తప్పదు. ప్రోటాన్ తయారయ్యేది క్వార్కులతోనే గనుక, ప్రోటాన్, ఎలక్ట్రాన్ ఆవేశాల పరిమాణాలు వెంట్రుకవాసి తేడా లేకుండా ఎందుకు సరిపోతాయన్న ప్రశ్నకు ఆ కూడికలోనే జవాబుంది. అంతకు పదేళ్ల ముందు, 1964లో, భౌతికశాస్త్రవేత్త గెల్‌మాన్ ఇలాంటి గ్రూపుతోనే వేసిన కణాల పట్టికలోని ఖాళీ గడికి సరిపోయే ఒమెగా మైనస్ కణం నిజంగానే దొరికింది. ఇవి చూశాక బీజగణితమే మూలతత్త్వం అనుకున్నవాళ్లను తప్పుపట్టలేం.

కానీ ఎస్‌యూ(5) ఇంకో మాట కూడా చెప్పింది. ప్రోటాన్ శాశ్వతం కాదు, దాని ఆయుష్షు 1 పక్కన సుమారు 30 సున్నాలు పెట్టినన్ని ఏళ్లు. దాన్ని తేల్చడానికి పూనుకున్న తొలి ప్రయోగాల్లో ఒకటి మన పక్కనే జరిగింది. బెంగళూరుకు వంద కిలోమీటర్ల దూరంలోని కేజీఎఫ్‌లో (కోలార్ బంగారు గనుల్లో), 2,300 మీటర్ల లోతున, ముంబైలోని టాటా పరిశోధన సంస్థ టీఐఎఫ్ఆర్, జపాన్‌లోని ఒసాకా శాస్త్రవేత్తలు 140 టన్నుల ఇనుప పరికరం పెట్టారు. అంతరిక్షం నుంచి వచ్చి లెక్క చెడగొట్టే కాస్మిక్ కిరణాలను పైనున్న రాయి చాలావరకు ఆపేస్తుంది. అంత ఇనుములో ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపి 8 పక్కన 31 సున్నాలు పెట్టినన్ని ఉంటాయి. ఆయుష్షు 31 సున్నాల ఏళ్లయినా, ఏడాదికి ఎనిమిది దాకా విచ్ఛిన్నమవ్వాలి. కొన్ని గుర్తులు కనిపించాయని 1980ల్లో ఆ బృందం ప్రకటించింది కూడా. అమెరికాలో ఐఎంబీ, జపాన్‌లో కమియోకాండే అంతకన్నా పెద్ద నీటి తొట్లతో వెతికితే ఏమీ దొరకలేదు. ఇవాళ సూపర్ కమియోకాండే లెక్కలో ఆ ఆయుష్షు కనీసం 34 సున్నాల పైమాటే. సాదా ఎస్‌యూ(5) ఓడిపోయింది. దాని కూడికలో అందం మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు. ఇప్పటి చర్చలో ఎక్కువమంది దాటేస్తున్నది సరిగ్గా ఈ సంగతినే.

ఆక్టోనియన్ వాదులు గణితవేత్త హర్విట్జ్ 1898లో నిరూపించిన ఫలితాన్ని చూపిస్తారు. పొడవులు చెదరకుండా గుణించగల బీజగణితాలు 1, 2, 4, 8 కొలతల్లోనే సాధ్యం; ఆ చివరిదే ఆక్టోనియన్లు. వేరే దారి లేదు గనుక వాస్తవానికి పునాది అదే అంటారు.

ఎదుటివాళ్లు కేజీఎఫ్‌ను గుర్తుచేస్తున్నారు. గురుత్వాకర్షణ తప్ప అప్పటికి తెలిసిన బలాలను ఇముడ్చుకోగల సరళ (చిన్న గ్రూపులుగా విడిపోని) గ్రూపుల్లో అతి చిన్నది ఎస్‌యూ(5)యే, దానికీ వేరే దారి లేదనే అన్నారు కదా అని అడుగుతున్నారు. గణితంలో తప్పనిసరైనది జగత్తులోనూ తప్పనిసరి కావాలని ఎక్కడుంది? ఎస్‌యూ(5) కనీసం ఒక సంఖ్య చెప్పి, దాన్ని గనిలోకి దిగి చూసుకోమంది. ఆక్టోనియన్ల తరఫున మాట్లాడేవాళ్లు కూడా ఏ కణం కోసం, ఎన్ని టన్నులతో, ఎన్నేళ్లు వెతకాలో ముందే చెప్పాలన్నది వాళ్ల పట్టు.