చిన్న పటాలు, కాలిన అంచులు: మధ్యయుగ ఇటలీ ఇళ్లలోని దేవుడి పటాల గురించి అపోహలు - వాస్తవాలు

పాత చెక్క పటాలను బాగుచేసే పని నాది. ఇళ్లలో ప్రార్థనకు వాడిన చిన్న పటాల గురించి నాకు తరచూ ఎదురయ్యే అపోహలు ఇవి.

అపోహ: అంచు కాలిందంటే ఎవరూ పట్టించుకోలేదని అర్థం.

వాస్తవం: చాలాసార్లు సంగతి దీనికి పూర్తిగా వేరు. 1300కి కాస్త ముందో, ఆ ప్రాంతంలోనో ఇటలీ చిత్రకారుడు దూచ్చో వేసిన మేరీమాత, బాల ఏసు పటం న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. ఎత్తు 28 సెంటీమీటర్లు, వెడల్పు 21. ఒళ్లో పెట్టుకునేంత. పాత ఫ్రేము కింది అంచు అక్కడక్కడా నల్లగా కాలింది. దాని ముందు కొవ్వొత్తులు వెలిగించి ప్రార్థించిన గుర్తులవి. మన దేవుడి గదిలో దీపం మసి పట్టిన పటం లాంటిదే. బిడ్డ చిన్న చేత్తో తల్లి మేలిముసుగు పక్కకు నెడుతుంటాడు. ఆ వేళ్లు సరిగ్గా కనబడాలంటే అంత దగ్గరగా కూర్చోవాల్సిందే. అలాంటి మచ్చను నేను ఎప్పటికీ చెరపను.

అపోహ: ఇవి ఆయిల్ పెయింటింగులు.

వాస్తవం: రంగుపొడిని గుడ్డు పచ్చసొనలో కలిపేవారు. ముందు పోప్లర్ చెక్క మీద జిప్సం, జిగురు కలిపిన తెల్లపూత వేసి నున్నగా గీకేవారు. బంగారు రేకు వచ్చే చోట ఎర్రమట్టి పూసి, రేకు అంటించాక మెరుగురాయితోనో కుక్కపంటితోనో రుద్దేవారు. పడుచు ముఖాలకు పట్నం కోడిగుడ్డు సొన వాడమని, అది పాలిపోయి ఉంటుందని, ముసలి ముఖాలకు పల్లె కోడిది వాడమని 1400 ప్రాంతంలో ఇటలీ చిత్రకారుడు చెన్నినో చెన్నిని రాశాడు. నాకు ఎంతో ఇష్టమైన సలహా ఇది.

అపోహ: ప్రతి పటమూ ఎవరో గొప్పవాళ్లు ప్రత్యేకంగా చేయించుకున్నదే.

వాస్తవం: సరుకుగానూ అమ్మేవారు. ఇటలీలోని ప్రాతో పట్టణ వర్తకుడు ఫ్రాంచెస్కో దతీనీ 1370లలో ఫ్రాన్స్ దక్షిణాన ఉన్న అవిన్యోన్‌లోని తన వ్యాపారం కోసం ఫ్లోరెన్స్ నుంచి పటాలు తెప్పించాడు.

అపోహ: మ్యూజియంలో కనిపించేది పూర్తి పటమే.

వాస్తవం: ఎన్నో పటాలను తర్వాతి కాలంలో ముక్కలుగా కోసి అమ్మేశారు. పదమూడో శతాబ్దపు ఇటలీ చిత్రకారుడు చీమబూయే పటం ముక్క ఒకటి 2019లో ఫ్రాన్స్‌లోని కొంపియేన్ పట్టణంలో ఒక వంటింటి గోడ మీద, పొయ్యి పైన దొరికింది. వేలంలో 2.4 కోట్ల యూరోలు పలికింది. దాని తోడు ముక్కలు లండన్ నేషనల్ గ్యాలరీలో, న్యూయార్క్‌లోని ఫ్రిక్ మ్యూజియంలో ఉన్నాయి. ఇవన్నీ ఒకే చెక్కవని తేల్చడానికి సాయపడింది పుచ్చుపురుగులు. అవి తొలిచిన సన్నటి దారులు ఒక ముక్కలోంచి ఇంకో ముక్కలోకి కలిశాయి.