నాయకత్వ తీరు రాసుకోవడం: అపోహలు – వాస్తవాలు

గుంటూరు మిర్చి యార్డులోనో, విజయవాడ ఆటోనగర్ షెడ్లలోనో కింది నుంచి పైకొచ్చిన సూపర్‌వైజర్లను "మీరు మనుషుల్ని నడిపే తీరేమిటి?" అని అడిగితే ఎక్కువగా వచ్చే జవాబు: నిజాయితీ, క్రమశిక్షణ, అందరినీ కలుపుకుపోవడం. మంచి మాటలే. సరుకు గేటు దగ్గర ఆగినప్పుడు మాత్రం అవి దారి చూపవు. అప్పుడు దారి చూపేది, ఏది ముందో ఏది తర్వాతో తేల్చుకుని అర పేజీలో రాసుకున్న మన నాయకత్వ తీరు.

అపోహ: మంచి విలువలు నాలుగు ఎంచుకుంటే చాలు.

వాస్తవం: నిజాయితీ వద్దనేవాళ్లు ఎవరున్నారు? చిక్కంతా రెండు మంచి విలువలు ఎదురుపడ్డప్పుడే. సీజన్‌లో కోల్డ్ స్టోరేజీ ముందు లారీలు బారులు తీరి ఉంటాయి. ఒక రైతు తెచ్చిన టిక్కీల్లో (మిర్చి బస్తాల్లో) తేమ ఎక్కువ. రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన మనిషిని తిప్పి పంపడానికి మనసొప్పదు. దించుకుంటే బూజు పట్టి పక్క లాటూ చెడొచ్చు. దయ ముందా, నాణ్యత ముందా? ఆ వరస తేల్చుకోని సూపర్‌వైజరు ఇవాళ ఒకరికి సరేనంటాడు, రేపు ఇంకొకరికి కుదరదంటాడు. ఇక గుమస్తాలు, హమాలీలు నియమాన్ని వదిలేసి ఆయన ముఖం చూసి నడుచుకుంటారు.

వరస తేల్చుకోవడమంటే ఏమిటో చూడండి. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరాలో ఆందోళనకారులు పోలీసు స్టేషన్‌ తగలబెట్టి పోలీసులను చంపాక గాంధీ సహాయ నిరాకరణ ఉద్యమాన్నే ఆపించారు. ఆ రోజుల్లోనే మన గుంటూరు జిల్లా పెదనందిపాడులో పన్నుల నిరాకరణ నడుస్తోంది. ఆ నిర్ణయం సరైనదా కాదా అని వాదించుకోవచ్చు. ఆయనకు అహింస ముందు, ఉద్యమ విజయం తర్వాత అన్నది మాత్రం అందరికీ తెలిసిపోయింది.

అపోహ: పెద్ద పదవి వచ్చాక చూసుకోవచ్చు.

వాస్తవం: నలుగురు హెల్పర్లకు పని చెప్పే మేస్త్రీకీ ఇలా రాసుకున్న తీరు కావాలి. పదవి వచ్చేసరికి అలవాట్లు ముదిరిపోతాయి.

అపోహ: ప్రశాంతంగా కూర్చుని ఆలోచిస్తే మన తీరేమిటో దానంతటదే తడుతుంది.

వాస్తవం: అలా వచ్చేది మనం ఎలా ఉండాలనుకుంటామో ఆ బొమ్మ. మనం నడిచిన తీరు మన నిర్ణయాల్లో ఉంటుంది. ఇప్పటిదాకా ఉద్యోగంలో తీసుకున్న కష్టమైన నిర్ణయాలు ఎనిమిదో పదో కాగితం మీద పెట్టండి. ఒక్కోదానికి మూడు సంగతులు రాయండి: అప్పుడు ఏమేం దారులున్నాయి, దేన్ని వదులుకున్నారు, ఆ నష్టం ఎవరి మీద పడింది. మూడోది చాలామంది దాటేస్తారు. అసలు సంగతి అక్కడే ఉంటుంది. ప్రతిసారీ నష్టం కిందివాళ్ల మీదే పడి ఉంటే, "జట్టే నాకు ముఖ్యం" అని రాసుకునే హక్కు ఇంకా రాలేదన్నమాట.

మళ్లీ మళ్లీ కనిపించినవాటిని మూడు నాలుగు వాక్యాలుగా మార్చండి. "నాణ్యతకు ప్రాధాన్యమిస్తాను" అని రాస్తే లాభం లేదు. "డెలివరీ ఒకరోజు ఆలస్యమైనా సరే, బ్రేకులు పరీక్షించని బండి షెడ్డు దాటనివ్వను, యజమానికి ఫోన్ చేసి చెప్పేది నేనే" అని రాయాలి. పరిస్థితి, చేసే పని, భరించే నష్టం మూడూ అందులో ఉన్నాయి. మొత్తం అర పేజీ దాటకూడదు. దాటితే గుర్తుండదు.

అపోహ: చెడ్డ బాస్ దగ్గర నేర్చుకున్న పాఠమే చాలు.

వాస్తవం: "ఆయనలా ఉండకూడదు" అన్నది మొదలు మాత్రమే. అరిచే మేనేజరు కింద నలిగినవాళ్లు తాము ఎవరినీ నొప్పించకూడదనుకుంటారు. దాంతో తప్పు వెల్డింగు చేసిన కుర్రాడికి కూడా చెప్పరు. వాడు అదే తప్పు మూడు బళ్లకు చేస్తాడు. ఏది చేయనో రాసిన ప్రతి వాక్యం పక్కన, దాని బదులు ఏం చేస్తారో రాయండి: నలుగురిలో కాకుండా పక్కకు పిలిచి, అదే రోజు, తప్పు జరిగిన అతుకు చూపించి చెప్పడం.

అపోహ: ఒకసారి రాస్తే జీవితాంతం పనికొస్తుంది.

వాస్తవం: విలువలు అంత తొందరగా మారవు, పని మారుతుంది. ఆరుగురిని చూసుకునేటప్పుడు అన్నీ స్వయంగా చూడొచ్చు; నలభై మందికి అది సాగదు. బాధ్యత మారినప్పుడల్లా, లేదంటే ఆరు నెలలకోసారి తిరిగి చదవండి. మీ కింద పనిచేసే ఇద్దరికి, పైన ఉన్న ఒకరికి చూపించి "ఇందులో నేను పాటించనిది ఏది?" అని అడగండి. "బాగుందా?" అని అడిగితే బాగుందండీ అనే అంటారు. జవాబు వచ్చాక సంజాయిషీ ఇచ్చుకోకుండా అది రాసుకుని, ఆ నెలలో ఒక్క వాక్యాన్నయినా సరిదిద్ది వాళ్లకే చూపించండి. అలా చేయకపోతే రెండోసారి ఎవరూ నిజం చెప్పరు.